కంచు నగలు: తోమడం కన్నా తడి ఆర్చడం ముఖ్యం

కంచుతో చేసిన కడియమైనా, ఉంగరమైనా, గొలుసైనా కొత్తలో ఎరుపు కలిసిన పసుపు వన్నెతో మెరుస్తుంది. కొన్ని వారాలు వాడేసరికి ఆ మెరుపు తగ్గి, ముందు తేనెరంగు, తర్వాత గోధుమరంగు, నగిషీ సందుల్లో నలుపు కనిపిస్తాయి. నగ పాడైపోతోందన్న భయంతో చాలామంది చేతికందిన పుల్లటి రసంతోనో, పళ్లు తోముకునే పేస్టుతోనో దాన్ని గట్టిగా రుద్దుతారు. మెరుపు తిరిగి వస్తుంది కానీ, కంచుకు అసలైన నష్టం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. ఆ గోధుమరంగు పొర లోహాన్ని తినేసే తెగులు కాదు. గాలి తగిలిన లోహం తన మీద తానే ఏర్పరచుకునే రక్షణ. కంచును నిజంగా తినేవి ఉప్పులోని క్లోరైడు, దాన్ని వదలకుండా అంటిపెట్టుకుని ఉండే తేమ. ఏ రంగును దాని మానాన వదిలేయాలో, ఏ రంగు కనిపిస్తే వెంటనే జాగ్రత్తపడాలో తెలుసుకుంటే, కంచు నగల సంరక్షణలో పెద్ద భాగం అనవసరమైన పనులు మానుకోవడమేనని అర్థమవుతుంది.

లోహం కూర్పు, దాని మీద ఏర్పడే పొరలు

రాగిలో తగరం కలిపి కరిగిస్తే వచ్చేది కంచు. పోత పోసే నగల్లో సాధారణంగా 88 నుంచి 90 శాతం రాగి, 10 నుంచి 12 శాతం తగరం ఉంటాయి. తగరం 20 శాతం దాటితే లోహం తెల్లబారి, గట్టిపడి, కొడితే ఖంగుమని మోగుతుంది. గంటలకు బాగా కుదిరే ఆ పాళ్లు, పెళుసుదనం వల్ల, సన్నని నగలకు అంతగా కుదరవు. అయితే కంచు పేరుతో అమ్ముడయ్యే నగలన్నింటిలోనూ తగరం ఉంటుందని అనుకోకూడదు. ‘జువెలర్స్ బ్రాంజ్’ అని వ్యాపారంలో పిలిచే మిశ్రమలోహంలో 87.5 శాతం రాగి, 12.5 శాతం జింకు ఉంటాయి కాబట్టి అది నిజానికి ఒక రకం ఇత్తడి. పోత పనికి ఎక్కువగా వాడే సిలికాన్ కంచులో దాదాపు 95 శాతం రాగి, మూడు నాలుగు శాతం సిలికాన్ ఉంటాయి. అల్యూమినియం కలిపిన కంచు బంగారు ఛాయలో ఉండి, పైన గట్టి అల్యూమినియం ఆక్సైడు పొర ఏర్పడటం వల్ల మిగిలినవాటి కన్నా చాలా నెమ్మదిగా రంగు మారుతుంది.

ఈ తేడాలను కొనేటప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే సంరక్షణ వాటిని బట్టి మారుతుంది. జింకు ఉన్న లోహాన్ని ఆమ్లంలో నానబెడితే పైపొరలోని జింకు ముందుగా కరిగిపోయి, మిగిలిన రాగి గులాబీ రంగులో బయటపడుతుంది. ఆ మచ్చలు కడిగితే పోవు. కూర్పుతో పాటు, నగ మీద లక్కర్ (పారదర్శకమైన వార్నిష్ వంటిది) పూత ఉందా, బంగారు పూత ఉందా, నలుపును కావాలనే పట్టించారా అన్న సంగతి కూడా అమ్మేవారి నుంచి తెలుసుకోవాలి.

మెరుగు పెట్టిన కంచుకు గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడు పొర మొదలవుతుంది. అది క్రమంగా మందమై, ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడు వల్ల నగ ముందు నారింజ, తర్వాత గోధుమ ఛాయలోకి మారుతుంది. గాలిలో సూక్ష్మ మోతాదులో ఉండే గంధకపు వాయువులు తగిలినచోట నల్లని రాగి సల్ఫైడు చేరుతుంది. తేమ, బొగ్గుపులుసు వాయువు చాలాకాలం కలిసి పనిచేస్తే ఆకుపచ్చని కార్బొనేటు, నగరాల గాలిలో సల్ఫేటు ఏర్పడతాయి. ఇవన్నీ లోహాన్ని అంటిపెట్టుకుని, సన్నగా, గట్టిగా ఉన్నంత కాలం కిందనున్న లోహానికి గాలిని, నీటిని తగలనివ్వవు. ఇనుము తుప్పు పొరలు పొరలుగా ఊడిపోతూ కొత్త లోహాన్ని గాలికి వదిలేస్తుంది. రాగి, కంచుల మీది పొర అలా ఊడిపోదు. 1886లో న్యూయార్క్ రేవులో నిలబెట్టిన స్వేచ్ఛా విగ్రహం పైతొడుగు సుమారు 2.4 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగిరేకు. సముద్రపు గాలిని ఎదుర్కొంటూ అది ఇంతకాలం నిలిచిందంటే అందులో ఆ పచ్చపొర పాత్ర చాలా ఉంది. గోధుమ ఛాయ వచ్చిన కంచు నగను చూసి కంగారు పడనవసరం లేదనడానికి ఇంతకన్నా పెద్ద నిదర్శనం అక్కర్లేదు.

ఒంటి మీద ఉన్నప్పుడు

విగ్రహానికి లేని ఇబ్బంది నగకు ఒకటి ఉంది: అది చర్మానికి ఆనుకుని ఉంటుంది. చెమటలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం, యూరియా, అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాని ఆమ్లత ఎంతో చెప్పే పీహెచ్ విలువ మనిషిని బట్టి, శ్రమను బట్టి సుమారు 4.5 నుంచి 7 వరకు మారుతుంది. అందుకే ఒకే రకం ఉంగరం ఒకరి చేతికి నెలల తరబడి వన్నె తగ్గకుండా ఉండి, మరొకరి చేతికి రెండు రోజుల్లోనే నల్లబడుతుంది. ఈ తేడాకు నగ నాణ్యతను తప్పు పట్టడం సరికాదు. మెరుగు పెట్టిన కంచును వేళ్లతో ముట్టుకుని అలాగే వదిలేస్తే, వేలిముద్రలోని ఉప్పు, ఆమ్లం కలిసి ఆ గీతలనే లోహం మీద ముదురు రంగులో అచ్చు వేస్తాయి. చేతితో పట్టుకున్న ప్రతిసారీ నగను తుడిచి పెట్టాలని చెప్పడానికి కారణం ఇదే.

చర్మం మీద పడే ఆకుపచ్చ మరక గురించి భయాలు ఎక్కువ. చెమటలోని ఆమ్లాలు, చర్మపు నూనెలు రాగితో కలిసినప్పుడు ఏర్పడే రాగి లవణాల రంగు అది. సబ్బుతో కడిగితే పోతుంది, దానంతట అది హాని చేయదు. ఉంగరం కింద, బిగుతైన కడియం కింద తడి ఆరకుండా ఉండిపోవడం వల్ల అది ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది. చేతులు కడుక్కునే ముందు ఉంగరం తీయడం, వేలు పూర్తిగా ఆరాక తిరిగి పెట్టుకోవడం చాలావరకు సరిపోతుంది. మరక కాకుండా దురద, ఎర్రని దద్దుర్లు వస్తే అది వేరే విషయం. రాగి పడకపోవడం అరుదు. అనుమానించవలసింది సాధారణంగా నికెల్‌ను. మంచి కంచులో నికెల్ ఉండదు కానీ, కొక్కేల్లోను, చెవి కమ్మీల్లోను, పై పూత కింద వేసే పొరలోను ఉండవచ్చు. చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించి, కుట్టించుకున్న చెవిలోకి, ముక్కులోకి దూర్చే భాగాల నుంచి 0.2 మైక్రోగ్రాముకు మించి నికెల్ విడుదల కాకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన. దద్దుర్లు వచ్చినప్పుడు నగను తోమి మళ్లీ పెట్టుకుని చూడటం కంటే, దాన్ని పక్కన పెట్టి చర్మవైద్యులను సంప్రదించడం సబబు.

ఈత కొలనులోని క్లోరిన్, సముద్రపు నీరు, బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రవం కంచుకు చెమట కన్నా ఎన్నో రెట్లు కఠినమైనవి. ఈ మూడింటి దగ్గరకు నగను తీసుకెళ్లకపోవడమే మేలు. అత్తరు, లేపనాలు పూసుకుని, అవి ఆరిన తర్వాత నగ పెట్టుకోవాలి. తీసేటప్పుడు మాత్రం అన్నింటికన్నా ముందు దాన్నే తీయాలి.

అసలైన ముప్పు: క్లోరైడు

కంచుకు వచ్చే చేటుల్లో ఒక్కదానికే పరిరక్షణ నిపుణులు వ్యాధి అనే పేరు పెట్టారు. దాన్ని కంచు వ్యాధి అంటారు. సూక్ష్మజీవులతో దీనికి సంబంధం లేదు. ఇది పూర్తిగా రసాయనిక చర్య. ఉప్పు నుంచి వచ్చిన క్లోరైడు పైపొరలోని సన్నని రంధ్రాల గుండా లోపలికి చేరి, లోహాన్ని ఆనుకుని క్యూప్రస్ క్లోరైడుగా మారి నిలుస్తుంది. పొడిగా ఉన్నంత కాలం అది అక్కడే నిద్రాణంగా పడి ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే, ఆక్సిజన్‌తో, నీటితో కలిసి ఉబ్బి లేతపచ్చని పొడిగా మారుతూ, దానితో పాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం పక్కనున్న తాజా రాగిని కరిగించి మళ్లీ క్యూప్రస్ క్లోరైడును తయారు చేస్తుంది. ఒకసారి చేరిన క్లోరైడు ఖర్చయిపోకుండా అదే పనిని పదే పదే చేస్తుంది కనుక, తేమ, గాలి అందుతున్నంత కాలం ఈ చక్రం ఆగదు. కొద్దిపాటి ఉప్పు పెద్ద నగను గుల్ల చేయగలగడం వెనకున్న రహస్యం ఇదే.

రోజూ వాడి, కడిగి, ఆరబెట్టే కొత్త నగకు ఇంతటి స్థితి సాధారణంగా రాదు. మట్టిలో దొరికినవి, సముద్రతీరంలో ఏళ్ల తరబడి ఉన్నవి, చెమట తడితోనే పెట్టెలో మూసి మరచిపోయినవి, ఉప్పు కలిపిన పుల్లటి రసంతో తోమి సరిగా కడగనివి దీనికి లోనవుతాయి. గుర్తుపట్టడానికి రంగు ఒక్కటే చాలదు. పొర స్వభావాన్నీ చూడాలి. ముదురు పచ్చగా, నునుపుగా, గోటితో గీకినా రాలకుండా ఉండే పొర స్థిరమైనది, దాన్ని వదిలేయవచ్చు. పాలిపోయిన లేతపచ్చ రంగులో, ముట్టుకుంటే పొడిలా రాలుతూ, చిన్న చిన్న చుక్కలుగా మొదలై, దులిపిన కొద్ది రోజులకే అదేచోట మళ్లీ లేచేదైతే అది కంచు వ్యాధి. చుక్క కింద చిన్న గుంట కనిపించడం మరో ఆనవాలు. కొక్కేల దగ్గర, అతుకుల దగ్గర, గొలుసు కొలుకుల లోపల, అంటే తడి ఆలస్యంగా ఆరే చోట్ల ముందుగా వెతకాలి.

గాలిలోని తేమ శాతం, అంటే సాపేక్ష ఆర్ద్రత, 42 నుంచి 46 శాతానికి దిగువన ఉంటే ఈ చర్య దాదాపు నిలిచిపోతుంది; 55 దాటితే వేగం అందుకుంటుంది. వ్యాధి సోకిన వస్తువులను మ్యూజియంలు 40 శాతానికి లోపు పొడిగాలిలో ఉంచడానికి ఆధారం ఇదే. ఇళ్లలోని గాలి ఏడాదిలో చాలా నెలలు ఈ హద్దుకు పైనే ఉంటుంది కాబట్టి, నగ ఉండే చిన్న పెట్టెలోని గాలినైనా పొడిగా ఉంచడం మన చేతిలో ఉన్న మార్గం. 1967లో పరిరక్షణ నిపుణుడు బ్రించ్ మాడ్సెన్ ప్రతిపాదించినప్పటి నుంచి బెంజోట్రయజోల్ అనే రసాయనంతో రాగి ఉపరితలాన్ని బంధించే పద్ధతి పరిరక్షణశాలల్లో వాడుకలో ఉంది. అది చర్మానికి, కళ్లకు మంచిది కాదు, క్లోరైడును పూర్తిగా తొలగించదు కూడా. కనుక ఒంటి మీద పెట్టుకునే నగకు ఇంట్లో ప్రయోగించదగినది కాదు. ఇంట్లో చేయగలిగింది, చేయవలసింది ఏమిటంటే, అనుమానం వచ్చిన నగను మిగతావాటి నుంచి వేరు చేసి, పొడిగాలి ఉన్న పెట్టెలో పెట్టి, విలువైనదైతే లోహ పరిరక్షణ తెలిసినవారికి చూపించడం.

కడగడం, ఆర్చడం

రోజూ వాడే నగకు ప్రతిరోజూ చేయవలసింది ఒక్కటే: తీయగానే మెత్తటి పొడి నూలుబట్టతో తుడవడం. చెమట ఎండి ఉప్పుగా మారకముందే తీసేయడం ఇందులోని ఉద్దేశం. తుడిచే బట్ట శుభ్రంగా ఉండాలి. మోస్ కొలతలో కంచు కాఠిన్యం 3 దగ్గర ఉంటుంది. దుమ్ములో ఉండే ఇసుకరేణువు, అంటే క్వార్ట్జ్, 7 దగ్గర ఉంటుంది. మురికిబట్టతో గట్టిగా రుద్దడం మెరుగు పెట్టడం కాదు, సన్నని గీతలు గీయడం.

జిడ్డు, లేపనాలు పేరుకున్నప్పుడు మాత్రమే కడగాలి. గోరువెచ్చని నీటిలో రెండు మూడు చుక్కల సాధారణ గిన్నెల సబ్బు ద్రవం కలిపి, నగను అందులో కొద్ది నిమిషాలు ఉంచి, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్షుతో సందులను తేలికగా తుడవాలి. బ్లీచు, నిమ్మ ఆమ్లం, అమ్మోనియా కలిపిన శుభ్రకాలు దీనికి పనికిరావు. సబ్బు మిగలకుండా మంచినీటితో బాగా జాడించిన తర్వాత, చివరి జాడింపుకు స్వేదన జలం వాడటం చిన్న ఖర్చుతో పెద్ద లాభం ఇచ్చే అలవాటు, ఎందుకంటే కుళాయి నీటిలో కరిగి ఉండే క్లోరైడు, సున్నపు లవణాలు ఆరిన తర్వాత నగ మీదే మిగిలిపోతాయి.

కడగడం కన్నా ఆర్చడానికే ఎక్కువ సమయం కేటాయించాలి. పైన తుడవగానే నగ ఆరినట్టు కనిపిస్తుంది కానీ, గొలుసు కొలుకుల మధ్య, రాయి పొదిగిన గూడు కింద, బోలుగా చేసిన గాజు లోపల నీరు గంటల తరబడి నిలుస్తుంది. ముందు బట్టతో తడి పీల్చేసి, తర్వాత పొడిబట్ట మీద పరచి, గాలి ఆడేచోట కొన్ని గంటలు వదిలేయాలి. జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని చల్లగాలి మీద పెట్టి సందుల్లోకి ఊదడం బాగా పనిచేస్తుంది. రాళ్లను జిగురుతో అతికించిన నగకు వేడిగాలి తగలనివ్వకూడదు. ఈ ఒక్క దశలో తొందరపడి పెట్టెలో మూసేయడం వల్ల జరిగే నష్టం, నెల రోజులు తుడవకుండా వాడటం వల్ల జరిగేదానికన్నా ఎక్కువ.

నిమ్మరసం, వెనిగర్, ఉప్పు కలిపి తోమే పద్ధతి ఎందుకు అంత వేగంగా మెరుపు తెస్తుందో చూస్తే, అది ఎందుకు ప్రమాదమో కూడా తెలుస్తుంది. ఆమ్లం ఆక్సైడు పొరను కరిగిస్తుంది. ఉప్పులోని క్లోరైడు ఆ కరిగిన రాగిని పట్టుకుని చర్యను ఇంకా వేగిరం చేస్తుంది. రక్షణ పొర పోయిన తాజా లోహం, క్లోరైడు, నీరు ఒకేచోట చేరుతున్నాయన్నమాట. పైన చెప్పిన వ్యాధికి కావలసిన సామగ్రి అంతా ఇదే. నున్నని పళ్లేన్ని ఇలా తోమి ధారాళంగా కడిగేస్తే పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చు. నగిషీలు, అతుకులు, పోత పోసినప్పుడు మిగిలిన సూక్ష్మరంధ్రాలు ఉన్న నగ నుంచి ఆ ఉప్పును మొత్తం బయటికి రప్పించడం దాదాపు అసాధ్యం. ఇలా తోమిన నగ రెండు రోజుల్లోనే మునుపటికన్నా వేగంగా, మచ్చలుమచ్చలుగా నల్లబడటం చాలామంది గమనించే ఉంటారు. మరీ మొండి మచ్చ తీయవలసి వస్తే, ఉప్పు లేకుండా, చాలా పలుచని ఆమ్లాన్ని దూదిపుల్లతో ఆ మచ్చ వరకే తాకించి, వెంటనే సబ్బు నీటితోనూ స్వేదన జలంతోనూ కడగాలి. రాళ్లు, పూతలు, పట్టించిన నలుపు ఉన్న నగ మీద అదీ చేయకూడదు.

పళ్లపేస్టుది వేరే సమస్య. అందులో సిలికా వంటి రాపిడి పొడులు ఉంటాయి. అవి పంటి మీది పింగాణీ పొరను దృష్టిలో పెట్టుకుని కలిపినవే తప్ప మెత్తని లోహం కోసం కాదు. మెరుపు నిజంగా కావాలనుకున్నప్పుడు రాగి, ఇత్తడి, కంచుల కోసమే తయారు చేసిన మెరుగుబట్టను వాడి, ఎత్తుగా ఉన్న భాగాల మీదే తేలికగా రుద్దాలి. నిజానికి కంచు నగ అందం చాలాసార్లు ఈ తేడాలోనే ఉంటుంది: ఎత్తైన అంచులు మెరుస్తూ, సందులు నల్లగా నిలిచినప్పుడు నగిషీ స్పష్టంగా కనిపిస్తుంది. మొత్తం ఒకే మెరుపుకు తెచ్చిన నగలో పనివాడి చెక్కడం సగం మాయమవుతుంది. ప్రతి మెరుగూ కొంత లోహాన్ని తీసుకుపోతుంది కాబట్టి, ఏడాదికి ఒకటి రెండు సార్లకు మించకుండా చూసుకోవడం మేలు.

వెండి నగల కోసం అమ్మే ముంచుడు ద్రవాలను కంచుకు వాడకూడదు. వాటిలో థయోయూరియాతో పాటు ఘాటైన ఆమ్లం ఉంటుంది. అల్యూమినియం రేకు, సోడాపొడి కలిపిన వేడినీటి చిట్కా కూడా వెండి మీది సల్ఫైడు కోసం పుట్టినదే. అమ్మోనియా రాగిని కరిగించి నీలిరంగు ద్రావణంగా మారుస్తుంది. అంతకు మించి, తయారీలో వంచి, సాగదీసిన ఇత్తడిలో అంతర్గత ఒత్తిడి మిగిలి ఉంటే, అమ్మోనియా తగిలి అది ఉన్నట్టుండి చీలుతుంది. వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన ఇత్తడి తూటాల తొడుగులు ఇలాగే పగిలేవి. దానికి అమ్మోనియాయే కారణమని 1921 నాటి పరిశోధన తేల్చింది. తగరపు కంచుకు ఈ బెడద తక్కువే కానీ, కంచు పేరుతో కొన్నది జింకు కలిసిన లోహమై ఉండవచ్చన్న సంగతి ఇక్కడ మరువకూడదు.

కొన్ని నగలకు తయారీలోనే పొటాషియం సల్ఫైడుల ద్రావణంతో నలుపునో, రాగి లవణాలతో ఆకుపచ్చనో పట్టిస్తారు. ఆ రంగు కూడా కళాకారుడి పనిలో భాగమే. మెరుగుబట్ట దాన్ని తుడిచేస్తుంది. బంగారు పూత వేసిన కంచులో పూత మందం మైక్రాన్లలో, కొన్నిసార్లు మైక్రానుకన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి దానికి రుద్దుడు అసలు పనికిరాదు. తడిబట్టతో అద్ది, పొడిబట్టతో అద్దడమే సరి. ముత్యం, పగడం కాల్షియం కార్బొనేటుతో తయారైనవి, ఆమ్లం తగిలితే కరుగుతాయి. ఫిరోజా (టర్కాయిస్) వంటి రంధ్రాలున్న రాళ్లు సబ్బు నీటిని, నూనెను పీల్చుకుని రంగు మారే ప్రమాదం ఉంది. అలాంటి నగలను ముంచకుండా, తడిపి పిండిన బట్టతో లోహభాగాన్ని మాత్రమే తుడవాలి.

పై పూత: మైనమా, లక్కరా

పొడిగా, శుభ్రంగా ఉన్న కంచు మీద పలుచని మైనపు పూత వేయడం ఇంట్లో చేయదగిన రక్షణల్లో అన్నింటికన్నా నమ్మదగినది. తేనెమైనం కూడా పనిచేస్తుంది కానీ, అందులో సహజంగా ఉండే కొవ్వు ఆమ్లాలు కాలక్రమంలో రాగితో కలిసి పచ్చబారే అవకాశం ఉంది. పెట్రోలియం నుంచి తీసే మైక్రోక్రిస్టలైన్ మైనానికి ఆ ఇబ్బంది లేదు. 1950లలో బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో రూపొందిన రినైజాన్స్ వాక్స్ ఈ కోవకు చెందినదే. మ్యూజియంలలో ఇప్పటికీ దాన్ని విస్తృతంగా వాడుతున్నారు. మెత్తటి బట్ట కొసతో చాలా కొద్దిగా తీసుకుని, నగ అంతటా సమంగా రాసి, ద్రావకం ఆవిరయ్యాక పొడిబట్టతో తేలికగా రుద్దితే చాలు. మందంగా రాస్తే దుమ్ము పట్టి, సందుల్లో తెల్లగా పేరుకుంటుంది. చేతికి, వేలికి పెట్టుకునే వాటి మీద మైనం కొద్ది వారాల్లోనే అరిగిపోతుంది; మెడలో వేసుకునేవాటి మీద, చెవిపోగుల మీద ఎక్కువ కాలం ఉంటుంది. అరిగినచోట మళ్లీ రాయడానికి పాతదాన్ని తొలగించే పని లేకపోవడం దీని గొప్ప సౌలభ్యం. ఒక్క హెచ్చరిక: తడి గానీ, ఉప్పు గానీ ఉన్న లోహం మీద మైనం రాస్తే ఆ చేటును లోపల మూసి పెట్టినట్టే అవుతుంది.

అక్రిలిక్ లక్కర్ పూత గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే అది చెక్కుచెదరకుండా ఉన్నంత వరకే మేలు చేస్తుంది. ఒక గీత పడినా, అంచు లేచినా అక్కడి నుంచి తేమ కిందికి పాకి, పూత అడుగున నల్లని దారాల వంటి గీతలు ఏర్పడతాయి. వాటిని పైనుంచి తుడవడం కుదరదు. స్పిరిట్ ఉండే అత్తరు, చేతుల శానిటైజర్ ఈ పూతను మెత్తబరుస్తాయి. అందువల్ల ఒరిపిడి తక్కువగా ఉండే పతకాలకు, పిన్నులకు లక్కర్, ఒరిపిడి ఎక్కువగా ఉండే ఉంగరాలకు, కడియాలకు మైనం తగినవి. ఉంగరం లోపల గోళ్లరంగు పూయడం తరచుగా వినిపించే సలహా. అది కొద్దిరోజులు పచ్చమరకను ఆపుతుంది కానీ, పెచ్చులుగా లేచి, వాటి కింద చెమటను నిలుపుతుంది కనుక, తరచుగా పూర్తిగా తీసి మళ్లీ వేయగలిగితేనే దాని జోలికి వెళ్లాలి.

దాచే పెట్టె

వాడకుండా దాచిన నగకు జరిగే నష్టంలో చాలా భాగం దాచిన పెట్టె వల్లే జరుగుతుంది. ఏ పదార్థం లోహానికి హాని చేసే ఆవిర్లు వదులుతుందో తేల్చడానికి బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ఒక పరీక్షను ప్రతిపాదించారు. పరీక్షించవలసిన పదార్థాన్ని వెండి, రాగి, సీసం ముక్కలతో పాటు తేమ నిండిన గాజుగొట్టంలో మూసి, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 28 రోజులు ఉంచి, ఆ లోహాలు ఎంత చెడ్డాయో చూస్తారు. ప్రదర్శన పెట్టెల్లో వాడే బట్ట, జిగురు, చెక్క, రంగులను మ్యూజియంలు నేటికీ ఇలాగే వడపోస్తాయి. ఇంట్లో అంత పరీక్ష కుదరకపోయినా, దాని ఫలితాలు మాత్రం అందరికీ పనికొస్తాయి.

ఓక్ వంటి చెక్కలు, జిగురుతో ఒత్తిన చెక్కపలకలు ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిర్లను వదులుతాయి. ఉన్ని, ఉన్నితో చేసిన ఫెల్టు గంధకపు సమ్మేళనాలను వదులుతాయి. రబ్బరును గంధకంతో గట్టిపరుస్తారు కనుక రబ్బరు బ్యాండుతో చుట్టిన నగ మీద ఆ బ్యాండు ఆకారంలోనే నల్లగీత పడుతుంది. పీవీసీ సంచులు కాలక్రమంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదిలే స్వభావం గలవి. కంచుకు అంతకన్నా చెడ్డ తోడు ఉండదు. చూడటానికి అందంగా, లోపల మెత్తటి బట్ట అతికించి ఉండే నగల పెట్టెలు చాలావాటిలో ఈ దోషాల్లో ఒకటో రెండో ఉంటాయన్నది బాధ కలిగించే విషయమే అయినా, తెలుసుకుని తీరవలసినది. నొక్కి మూసే పాలిథిన్ సంచి, ఆమ్లరహిత కాగితం, రంగు వేయని ఉతికిన నూలుబట్ట వీటికన్నా ఎంతో సురక్షితం. ఒక్కో నగను విడిగా చుట్టాలి. తేమలో వెండి, బంగారాలను తాకుతూ ఉన్న కంచు వాటికన్నా వేగంగా చెడుతుంది; పైగా గట్టి రాళ్లున్న నగలు దాన్ని గీకుతాయి.

సంచిలో చిన్న సిలికా జెల్ పొట్లం పెట్టడం తేమను తగ్గించే సులువైన మార్గం. అయితే అది పీల్చుకోగలిగినంత పీల్చుకున్నాక పనిచేయడం మానేస్తుంది. తేమ నిండగానే రంగు మారే రకాన్ని ఎంచుకుని, రంగు మారినప్పుడు తయారీదారు చెప్పిన వేడిలో ఆరబెట్టి తిరిగి వాడుకోవాలి. రంగు మారిన పొట్లాన్ని నెలల తరబడి అలాగే ఉంచడం వల్ల ప్రయోజనం లేదు. స్నానాలగది అలమారలో నగలు పెట్టే అలవాటు ఉంటే, ఏ పొట్లమూ ఆ తేమకు ఆగదు.

పాత నగలు

వారసత్వంగా వచ్చినవి, తవ్వకాల్లో దొరికినవి, పాతవస్తువుల దుకాణంలో కొన్నవి వేరే దృష్టితో చూడవలసినవి. వందల ఏళ్లు మట్టిలో ఉన్న కంచు మీద, నగ అసలు ఆకృతి, చెక్కిన గీతలు లోహంలో కాక చిలుము పొరలోనే మిగిలి ఉండవచ్చు. ఆ పొరను గీకేస్తే ఆకృతి దానితోనే పోతుంది. రాగి లవణాలు సూక్ష్మజీవులను చంపుతాయి కాబట్టి, మట్టిలో మరెక్కడా మిగలని నూలుపోగు, తోలు ముక్క పాత కంచు నగను అంటుకుని ఖనిజంగా మారి నిలిచిపోతుంటాయి. ఆ కాలపు వస్త్రం గురించి చరిత్రకు మిగిలిన ఏకైక సాక్ష్యం కొన్నిసార్లు అదే అవుతుంది. ఇలాంటి నగను కడగకుండా, మైనం రాయకుండా, ఉన్న స్థితిలోనే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, పొడిపెట్టెలో పెట్టి నిపుణులకు అప్పగించాలి. ఆరు నెలలకోసారి అదే కోణంలో ఫోటో తీసి పోల్చి చూస్తే, కొత్త లేతపచ్చ చుక్కలు లేచాయా లేదా అన్నది జ్ఞాపకం మీద ఆధారపడకుండా తేలుతుంది.

పాత కంచును ముట్టుకునేటప్పుడు మరో జాగ్రత్త ఉంది. పోత సులువుగా సాగడానికి పూర్వం లోహంలో సీసం కలిపేవారు. అది కంటికి తెలియదు. నగల్లో సీసం బరువులో 0.05 శాతానికి మించకూడదని ఐరోపా సమాఖ్య పెట్టిన హద్దు 2013 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందువాటికి అలాంటి హామీ ఏదీ ఉండదు. కూర్పు తెలియని పాత కంచు నగను నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకూడదు. దాని మీది పొడిని ఊది ఎగరగొట్టకుండా తడిబట్టతో తీయాలి, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.